రాష్ట్రము పిలుపు, వలసవాని మాట

పూర్వము మన తీరప్రాంతములనుండి సముద్రము దాటిన శ్రామికులు ముఖ్యముగా రెండు త్రోవల పోయిరి. కొందఱు మేస్త్రీల వెంట ఓడ యెక్కి రంగూనుకు పోయి, బియ్యపు మిల్లులలోను రేవులలోను కాయకష్టము చేసి, నాలుగు రాళ్లు మూటగట్టుకొని మరలివచ్చిరి. మఱికొందఱు అయిదేండ్ల ఒప్పందపు కాగితముమీద వ్రేలిముద్ర వేసి, మారిషసు, ఫిజీ దీవులలోని చెఱకు తోటలకును, 1860వ సంవత్సరము మొదలుగా దక్షిణాఫ్రికాలోని నెటాలుకును పోయిరి. గడువు తీఱువఱకు కూలివాడు తోట విడిచి పోరాదు. పోయినచో శిక్ష కలదు. మారిషసులో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చుటకు గోదావరి ముఖమున నున్న మన కోరంగి రేవే కారణము.

నేడు మన యిండ్లనుండి విదేశములకు బయలుదేరు పిల్లల తీరు వేఱు. వారి సంచిలో పట్టా యుండును, ఉద్యోగానుభవమును దెలుపు పత్రములుండును, భాషా పరీక్షలో వచ్చిన మార్కులుండును. తోట యజమాని వలె వారిని గడువు పేరిట కట్టివేయువాడు లేడు. అయినను ఒక ప్రశ్న మాత్రము పాతదే మిగిలియున్నది: మనలను కోరి పిలిచిన చోటికి మనము ఏమి బాకీపడుదుము? కెనడా దేశమున రాష్ట్రములు నిపుణులైన పనివారిని తామే యెన్నుకొని పిలుచు పద్ధతి యొకటి కలదు. దానిని అచట ‘ప్రొవిన్షియల్ నామినీ ప్రోగ్రాము’ అందురు. మనము రాష్ట్ర నామినేషను అని పిలుచుకొందము. దీనిని గూర్చి తలిదండ్రులును, ఉద్యోగస్థులైన యువకులును తఱచుగా అడుగుచుండుటచేత నేటి ప్రసంగమునకు ఈ విషయమును తీసికొంటిమి. దరఖాస్తు ఎట్లు పూర్తిచేయవలెనో చెప్పుట మా పని కాదు. ఆ పద్ధతి యేల పుట్టినదో, ఎట్లు నడచుచున్నదో, అందు మనవారు ఇచ్చుచున్న మాట యెట్టిదో చెప్పుటయే మా యుద్దేశము.

కెనడా తలుపులు మనవారికి మొదటినుండి తెఱచియుండలేదు. 1914లో ‘కోమగాటమారు’ అను ఓడలో వాంకూవరు రేవు చేరిన 376 మందిలో కొలదిమందిని తప్ప తక్కినవారిని నేలపై కాలుపెట్టనీయక, రెండు నెలలు నీటిపై నిలిపి, వెనుకకు పంపివేసిరి. మనకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో రెండు ప్రభుత్వములకు ఒక యొడంబడిక కుదిరినది. దాని ప్రకారము భారతదేశమంతటినుండి ఏటికి 150 మందికి ప్రవేశము. 1957లో ఆ సంఖ్యను 300 చేసిరి. 1962లో జాతి భేదమును, వర్ణభేదమును పాటించు నిబంధనలను చాలవఱకు తొలగించిరి. 1967లో మార్కుల పద్ధతి వచ్చినది. వచ్చువాని చదువు, వయస్సు, వృత్తి, భాష మున్నగువానికి మార్కులు వేసి, నూటికి ఏబది వచ్చినవానిని చేర్చుకొనుట ఆ పద్ధతి సారాంశము. ఏ దేశమువాడని యడుగుటకు బదులు ఏ పని తెలిసినవాడని యడుగుట అప్పుడు మొదలైనది.

మనిషిని తూచుటకు తూనిక దొరకినదిగాని, అతడెక్కడ కాపురముండునో ఆ తూనిక నిర్ణయింపలేదు. వచ్చినవారిలో పెద్దభాగము టొరంటో, వాంకూవరు, మాంట్రియలు అను మూడు మహానగరములకే చేరుచుండిరి. బంధువు లచటనే, దేవాలయము లచటనే, మన కూరగాయలు దొరకు అంగళ్లచటనే. వారిని తప్పుపట్ట నవసరము లేదు. కాని మధ్యనున్న మైదాన రాష్ట్రములలోను, తూర్పు తీరమునందలి చిన్న రాష్ట్రములలోను పల్లెలు పలుచబడుచుండెను; పుట్టి పెరిగిన యువకులే పెద్ద నగరములకు తరలిపోవుచుండిరి.

మానిటోబా రాష్ట్రము కథ యిందుకు మంచి యుదాహరణము. దాని ముఖ్యపట్టణము విన్నిపెగ్. 1990వ దశకమున ఆ నగరమునందలి దుస్తుల కార్ఖానలకు కుట్టుమిషను నడుపువారు కావలసివచ్చిరి. కేంద్రప్రభుత్వపు మార్కుల తూనిక పెద్ద చదువులవారికే మొగ్గుచూపుచుండెను. చేతిపని యెంత బాగుగ తెలిసినను కుట్టుపనివానికి అందులో చోటు దొరకుట కష్టము. మాకు కావలసినవారు మీ తూనికకు అందుట లేదు, మమ్ములనే ఎన్నుకొననిండని ఆ రాష్ట్రము కేంద్రమును కోరినది. 1998లో మానిటోబా నామినేషను ఆరంభమైనది. తొలుత కొలదిమందితో మొదలైన ఆ పద్ధతి వేగముగా పెరిగినది. ఆ దశకము చివర ఏటికి మూడు నాలుగు వేలమంది మాత్రమే వచ్చి చేరుచుండిన మానిటోబాకు 2010లో 15,000 మందికి పైగా వచ్చిరి. ఫిలిప్పీను దీవులవారు విన్నిపెగ్‌లో బలమైన సమాజముగా స్థిరపడిరి. దక్షిణమున వింక్లరు వంటి చిన్న పట్టణములకు జర్మను భాష మాటలాడు మెన్నొనైటు కుటుంబములు వచ్చి, కార్ఖానలలోను వడ్రంగములోను కుదురుకొనెను. పంజాబీలు వచ్చిరి. తరువాత మన తెలుగువారును వచ్చిరి.

రాష్ట్రమునకు ఇట్టి యధికారము ఎట్లు వచ్చినదని సందేహము కలుగవచ్చును. కెనడా రాజ్యాంగమునకు మూలమైన 1867 నాటి చట్టములో 95వ విభాగము వ్యవసాయమును, వలసను కేంద్రమునకును రాష్ట్రములకును ఉమ్మడి విషయములుగా ఉంచినది. భేదము వచ్చినప్పుడు కేంద్రపు చట్టమే చెల్లును. ఈ యుమ్మడి యధికారమును ఆధారము చేసికొనియే ఒక్కొక్క రాష్ట్రము కేంద్రముతో ఒడంబడిక వ్రాసికొన్నది. ఫ్రెంచి భాషకు నిలయమైన క్విబెకు 1991 నాటి ప్రత్యేకమైన యొడంబడిక ననుసరించి తనవారిని వేఱుగా ఎన్నుకొనును గనుక ఈ పద్ధతిలో చేరలేదు. ఉత్తరపు మంచుసీమయైన నునావుటునకు ఇట్టి పద్ధతి లేదు. తక్కిన రాష్ట్రములన్నిటికిని, యూకాను, నార్త్‌వెస్ట్ టెరిటరీలకును కలదు.

ఇప్పుడీ పద్ధతి నడచు తీరు చెప్పుదుము. ఇందు రెండు గుమ్మములు కలవు. మొదటి గుమ్మమున రాష్ట్రము నిలుచును. దరఖాస్తుదారుని పని తనకు అవసరమైనదా, అతడు తనయొద్ద నిలదొక్కుకొనగలడా యని పరీక్షించి, తగినవాడని తోచినచో అతని పేరు వ్రాసి పత్రమిచ్చును. రెండవ గుమ్మమున కేంద్రము నిలుచును. ఆరోగ్యము, నేరచరిత్ర, దేశభద్రత మున్నగు విషయములను విచారించి శాశ్వత నివాసపు హక్కు ఇచ్చునది కేంద్రమే. రాష్ట్రపు పత్రము చేతికి వచ్చినంతమాత్రమున వీసా వచ్చినట్లు కాదు. ఈ భేదము తెలియక, మొదటి పత్రము రాగానే ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, ఇల్లు అమ్ముకొని తొందరపడరాదు.

కేంద్రమునకు ‘ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ’ అను వరుస పట్టిక 2015 జనవరినుండి కలదు. అందులో గరిష్ఠముగా 1,200 మార్కులు. రాష్ట్రము ఆ పట్టిక ద్వారా నామినేషను ఇచ్చినచో ఒక్కసారి 600 మార్కులు కలియును. అనగా సగము పరీక్ష రాష్ట్రము వ్రాసిపెట్టినట్లే. ఆ పట్టికలో చేరుటకు అర్హత లేనివారికి కొన్ని రాష్ట్రములు వేఱు దారి ఉంచినవి. ఆ దారి సాధారణముగా నెమ్మదిగా సాగును.

రాష్ట్రములు దేనిని చూచునో మానిటోబానుండి తెలిసికొనవచ్చును. విదేశమునుండి వచ్చు నిపుణులకు భాష, వయస్సు, పనిలో అనుభవము, చదువు, ఆ నేలతో పొందిక అను అయిదింటికి కలిపి నూఱు మార్కులుంచి, కనీసము అఱువది రావలెనని నియమించినది. అది చాలదు. అచట బంధువో, స్నేహితుడో, పూర్వపు చదువో, పనియో, రాష్ట్రమే పంపిన ఆహ్వానమో, ఏదియో ఒక సంబంధము కూడ ఉండవలెను. ఇంకొక విశేషము గమనింపుడు. దరఖాస్తుదారునకు ఇతర రాష్ట్రములతో గట్టి సంబంధమున్నచో వరుసలో అతని మార్కులు తగ్గించుదురు. ‘వీడు మావద్ద నిలుచునా?’ అను సంశయము ఆ లెక్కలోనే చేరియున్నది.

ఆ సంశయమునకు కారణము కలదు. రాష్ట్రముచేత ఎన్నికైనవాడు ఆ రాష్ట్రములోనే నివసించు సంకల్పము కలవాడై యుండవలెనని కేంద్రపు నిబంధన. దరఖాస్తు నాడును, హక్కు చేతికి వచ్చు నాడును ఆ సంకల్పము నిజమైనదై యుండవలెను. కాని శాశ్వత నివాసి యైన పిమ్మట, 1982 నాటి హక్కుల పత్రములోని 6వ విభాగము ప్రకారము, అతడు దేశములో ఏ రాష్ట్రమునకైనను పోయి నివసింపవచ్చును, జీవనోపాధి వెదుకుకొనవచ్చును. ఒక చేత సంకల్పము నడుగుచు, మఱొక చేత స్వేచ్ఛ నిచ్చుచున్న దీ చట్టము. ఈ రెంటి నడుమ నున్న సందులోనే మన ప్రశ్న నిలిచియున్నది.

సందు చూచుకొని దూరువారు లేకపోలేదు. చిన్న రాష్ట్రమున పోటీ తక్కువ యని పేరు వ్రాయించుకొని, హక్కు చేతికి రాగానే టొరంటో ప్రక్కనున్న బ్రాంప్టనుకో మిస్సిసాగాకో పోవలెనని ముందే నిశ్చయించుకొనుట అట్టిది. మనవారు దీనినే ఏఱు దాటి తెప్ప తగులబెట్టుట యందురు. పైకి నష్టము కనబడదు. కాని ఆ తెప్పమీద ఎక్కవలసినవారు ఇంకను ఒడ్డున నిలిచియున్నారు. ముందు పోయినవారు నిలువనికొలదిని వెనుక వచ్చువారిపై నిబంధనలు బిగియును. మార్కులు తగ్గించు లెక్కయు, బంధువు హామీ కావలెననుటయు, ముందు ఒక యేడు అచట పనిచేసి చూపుమనుటయు అట్లు పుట్టినవే.

నిలువవలెనను షరతును చట్టముగా వ్రాసిన దేశములు లేకపోలేదు. కెనడాయే 1872 నాటి భూముల చట్టము క్రింద పది డాలర్ల రుసుముతో 160 ఎకరముల మైదానపు నేలను ఇచ్చినప్పుడు, మూడేండ్లు అచట నివసించి సేద్యము చేసిన పిమ్మటగాని పట్టా ఇచ్చెడిది కాదు. ఆస్ట్రేలియాలో 2019 నవంబరునుండి 491 అను సంఖ్యగల వీసా అమలులోనున్నది. రాష్ట్రపు నామినేషనుతో అయిదేండ్లకు ఇచ్చు ఆ వీసా క్రింద సిడ్నీ, మెల్‌బోర్ను, బ్రిస్బేను నగరములు విడిచి తక్కిన ప్రాంతములలో నివసింపవలెను. మూడేండ్లు గడచిన పిమ్మట శాశ్వత హక్కునకు దరఖాస్తు పెట్టవచ్చును. అచట షరతు కట్టును. కెనడాలో మాట మాత్రమే కట్టును. షరతును అధికారి కనిపెట్టి చూచును. మాటను కనిపెట్టవలసినది ఇచ్చినవాడే.

అయినచో మారిన పరిస్థితిలో కూడ కదలరాదా యని యడుగవచ్చును. మేమట్లు చెప్పుట లేదు. నిజముగా నిలువదలచి పోయినవాడు అచట పని దొరకకయో, భార్యకు ఉద్యోగము వేఱుచోట వచ్చియో, బిడ్డకు వైద్యము కావలసియో మఱొక రాష్ట్రమునకు పోయినచో అతడు మాట తప్పినవాడు కాడు. సంకల్పము వేఱు, ఫలితము వేఱు. దరఖాస్తు వ్రాయుచున్ననాడే మనస్సులో ఒకటి, కాగితముమీద ఒకటి యుండుటయే దోషము. అది నీతికి మాత్రమే గాక చట్టమునకును దోషమే. అసత్యము చెప్పి హక్కు పొందినట్లు తేలినచో అయిదేండ్లవఱకు కెనడా ప్రవేశము నిషేధింపబడును. వచ్చిన హక్కును పోగొట్టుకొనవలసి రావచ్చును.

మాట ఇచ్చినది వలసవాడొక్కడే కాదు, పిలిచిన రాష్ట్రముకూడ నిచ్చినది. నీ నైపుణ్యము మాకు కావలెనని పిలిచి, వచ్చిన పిమ్మట ఆ నైపుణ్యమును పనికిరానిదానిగా చూచుట న్యాయము కాదు. ఇచటనే చాలమంది ఆశలు కూలుచున్నవి. కెనడాలో ఇంజనీరు, నర్సు, ఔషధశాస్త్రజ్ఞుడు, అధ్యాపకుడు మున్నగు అనేక వృత్తులకు రాష్ట్రపు వృత్తిసంఘము లైసెన్సు ఇచ్చినగాని ఆ పేరుతో పని చేయరాదు. వలస కొఱకు మన పట్టాను తూచి యిచ్చు పత్రము వేఱు, ఈ లైసెన్సు వేఱు. మొదటిది వచ్చినందున రెండవది వచ్చునని భ్రమపడి పోయినవారు పరీక్షలు, తిరిగి శిక్షణ, అచటి అనుభవము అను మెట్లు చూచి నిలిచిపోవుచున్నారు. ఇంటి బాడుగ ఆగదు గనుక చేతికందిన పనిలో చేరుదురు. మెట్లు ఎక్కుట మఱుసటి యేటికి, ఆపై యేటికి వాయిదాపడును. ఈ లోపమును గుర్తించి ఒంటారియో 2006లోను, మానిటోబా 2007లోను వృత్తిసంఘములు విదేశీయుల యోగ్యతను న్యాయముగా విచారింపవలెనని చట్టములు చేసినవి. చట్టము త్రోవ చూపినదిగాని, దూరము తగ్గిపోలేదు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి సాధారణముగా ఇట్టి లైసెన్సు అవసరములేదు; తక్కినవారు ప్రయాణమునకు ముందే తమ వృత్తిసంఘపు నిబంధనలు చదువుకొనవలెను.

నామినేషను పొందినవారు ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టాలలో ఎక్కువగా నిలుచుచున్నారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలెండు వంటి తూర్పు తీరపు చిన్న రాష్ట్రములలో తక్కువగా నిలుచుచున్నారు. పెద్ద రాష్ట్రములవారు ఎక్కువ నిజాయితీపరులని దీని యర్థము కాదు. చేసిన చదువునకు తగిన పని, భార్యకు సైతము ఉద్యోగము, పిల్లలకు బడి, పండుగనాడు తలుపు తట్టు నలుగురు, ఇవి దొరకిన చోట మనిషి నిలుచును. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సగటున సున్నకు ఇరువది డిగ్రీలు దిగువకు పోవును. ఇండ్ల ముంగిట కార్లకు విద్యుత్తు తీగ తగిలించి ఇంజను వెచ్చగా ఉంచుదురు. అట్టి చలిలోను వేలకొలది కుటుంబములు అచట వేరూనినవి. ఉద్యోగముతోపాటు తమవారు కూడ దొరకుటయే అందుకు బలము. బంధువో స్నేహితుడో ఉండవలెనని మానిటోబా కోరుటలో ఈ లోకజ్ఞానమున్నది.

పిలుపుకూడ ఎల్లకాలము ఒక్కరీతిగా నుండదు. ఈ పద్ధతి క్రింద 2024వ సంవత్సరమునకు 1,10,000 మందిని చేర్చుకొనవలెనని కేంద్రము లక్ష్యముగా పెట్టుకొన్నది. ఇండ్ల కొఱతయు, బాడుగల పెరుగుదలయు ప్రజలలో అసంతృప్తి రేపగా, 2025వ సంవత్సరపు లక్ష్యమును 55,000కు, అనగా సగమునకు దించినది. 2026వ సంవత్సరమునకు మరల 91,500కు పెంచినది. గత యేడు పొరుగింటివాడు పోయిన త్రోవ ఈ యేడు తెఱచియుండునని నమ్మి అప్పులు చేయుట మంచిది కాదు.

అప్పుల మాట వచ్చినది గనుక దళారులను గూర్చి ఒక హెచ్చరిక. కెనడా వలస విషయమున రుసుము తీసికొని ప్రాతినిధ్యము వహించుటకు అచటి న్యాయవాదులును, లైసెన్సు పొందిన సలహాదారులును మొదలగు అధికారము గలవారు మాత్రమే అర్హులు. సలహాదారులపై పర్యవేక్షణకు 2021లో ఒక కళాశాల పేరున చట్టబద్ధమైన సంస్థ ఏర్పడినది. దాని పట్టికలో పేరున్నదో లేదో ఎవరైనను ఉచితముగా చూచుకొనవచ్చును. నామినేషను ఖాయమని పూచీ పడువాడు పట్టికలోనున్నను నమ్మదగినవాడు కాడు. ఆ నిర్ణయము రాష్ట్రపు అధికారిది. లక్షలు పోసి ఉద్యోగపు కాగితము కొనుట మఱియొక యుచ్చు. పనివానినుండి ఉద్యోగము చూపినందులకు సొమ్ము తీసికొనరాదని మానిటోబాలో 2009నుండి చట్టము కలదు. ఇట్టి కాగితముల వ్యాపారము మితిమీరుటచేతనే 2025 మార్చిలో కేంద్రము తన వరుస పట్టికలో ఉద్యోగపు కాగితమునకు ఇచ్చు అదనపు మార్కులను తీసివేసినది. కొన్న కాగితముతో పోయినవాడు ఏ తోటకును కట్టుబడకున్నను, తెచ్చిన అప్పునకు కట్టుబడి పోవుచున్నాడు. రంగూను పోయినవారు మేస్త్రీకి పడిన అప్పు ఇట్టిదే.

ఇంటిలో ఈ ప్రయాణపు ప్రసక్తి వచ్చినప్పుడు, దీపము పెట్టినవేళ నలుగురు కూర్చుండి కొన్ని ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఆ రాష్ట్రము పేరు మనము పటములో వెదకి చూచితిమా? అచట ఈ వృత్తికి లైసెన్సు కావలెనా? వచ్చువఱకు ఎన్ని నెలలు, ఎంత సొమ్ము? అచటి చలికాలము ఎన్ని మాసములు? మొదటి యేడు తగిన పని దొరకకున్నచో ఏమి చేయుదుము? ఈ రాష్ట్రము గాక మఱి యే హక్కు రాదని తెలిసినను మనము అచటికే పోవుదుమా? కడపటి ప్రశ్నకు పోవుదుమని నిస్సంకోచముగా చెప్పగలిగిన కుటుంబము తన దరఖాస్తులో నివాస సంకల్పమును గూర్చిన గడిని ధైర్యముగా పూరింపవచ్చును. చెప్పలేని కుటుంబము ఆ గడి యొద్దనే ఆగి, వేఱు త్రోవ చూచుకొనవలెను.

కోరంగినుండి ఒప్పందము క్రింద పోయిన కూలివాడు చదువలేని కాగితముమీద వ్రేలిముద్ర వేసెను.  మన పిల్లలు చదివి సంతకము చేయుచున్నారు. చదివి చేసిన సంతకమునకు విలువ యెక్కువ.